‘పడుకోమ్మా, అలిసిపోతావు’ అనే ముందు

సంపాదకులు గారికి నమస్కారం.

ఎండలు ముదిరితే పత్రికల్లో వడదెబ్బ జాగ్రత్తలు వస్తాయి. పసిపిల్లలు, గర్భిణులు, ముసలివాళ్లు, గుండెజబ్బు ఉన్నవాళ్లు బయట తిరగొద్దని రాస్తారు. ఆ వరసలో మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) అనే నరాల జబ్బు ఉన్నవాళ్ల ఊసు మాత్రం ఉండదు. నిజానికి వాళ్లకు వడదెబ్బ దాకా అక్కర్లేదు. ఒంట్లో వేడి అర డిగ్రీ సెల్సియస్ పెరిగితే చాలు, చూపు మసకబారుతుంది, కాలు ఈడ్చుకుపోతుంది. ఈ జబ్బు గురించి ప్రపంచమంతా మాట్లాడుకునే రోజు మే 30. చల్లటి దేశాలవాళ్లకు అది హాయైన కాలమేమో గానీ, మనకది రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఆ రోజుల్లో నెల్లూరులోనో ఒంగోలులోనో ఉండే ఎం.ఎస్. మనిషికి ఇంట్లోవాళ్లు ప్రేమగా చెప్పే మాట ఒకటే: ‘నువ్వు పడుకోమ్మా, అలిసిపోతావు.’ ఈ రెండు జిల్లాల్లో ఫిజియోథెరపీ, నర్సింగ్ పనుల్లో ఉన్న మేము కొందరం ఈ ఉత్తరం రాస్తున్నది ఆ ఒక్క మాట గురించే. పగలంతా పడుకుంటే రాత్రి నిద్ర చెడుతుంది. రాత్రి నిద్ర చెడితే మర్నాడు కాలు కదలదు. కాలు కదలలేదని మళ్లీ పడుకోబెడతారు. ఈ గానుగ ఎక్కడో ఒకచోట ఆగాలి.

జబ్బు సంగతి రెండు ముక్కల్లో. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే పొరబడి మెదడులో, వెన్నుపాములో, కంటినరంలో నరాల పోగుల మీదుండే మైలిన్ పొరను పాడుచేస్తుంది. లైనింగు పోయిన కాలువలో వదిలిన నీళ్లు చివరి ఆయకట్టుకు ఆలస్యంగా చేరతాయి, ఒక్కోసారి చేరనే చేరవు. మెదడు చెప్పిన మాట కాలికి చేరడమూ అంతే. ఎక్కువగా 20, 40 ఏళ్ల మధ్య బయటపడుతుంది. మగవాళ్ల కన్నా ఆడవాళ్లలో రెండింతలకు తక్కువ కాకుండా ఉంటుంది. మన దగ్గర దీన్ని ‘నరాల బలహీనత’ అనే పెద్ద గంపలో వేసేసి బీ12 సూదులు పొడిపించుకుంటూ కాలం గడుపుతారు. బీ12 లోపం కూడా వెన్నుపామును దెబ్బతీసేదే కనుక ఆ పరీక్ష చేయించడం మంచిదే. పరీక్ష లేకుండా సూదులతోనే ఏడాది గడిపేయడం తప్పు. కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఇంకో చిక్కుంది. నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు పెరిగి, వెన్నుపాము నొక్కుకుని కాళ్లు బిగుసుకోవడం అక్కడ కొత్త సంగతి కాదు. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్ మీద తొలి వైద్య నివేదికలు 1937లో వచ్చింది నెల్లూరు జిల్లా నుంచే. అప్పటికి ఈ తాలూకాలు నెల్లూరు జిల్లాలోవే. ఆ అలవాటు కొద్దీ కాళ్లు బిగిసిన పాతికేళ్ల పిల్లను కూడా ‘నీళ్ల దోషం’ అని పంపేయకూడదు. ఆ వయసులో ఎం.ఆర్.ఐ. తీయించకుండా ఏ మాటా అనకపోవడమే న్యాయం.

ఇక అసలు విషయం. తెలుగులో ‘నీరసంగా ఉంది’ అంటే ఎదుటివాళ్లకు అర్థమైపోతుంది. ఎం.ఎస్. దగ్గర ఆ మాటే ఇబ్బంది, ఎందుకంటే అందులో రెండు వేరువేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి. ఒకటి అలసట. కళ్లు తెరుచుకునే ఉంటాయి, నిద్ర రాదు, కానీ ఒంట్లో సత్తువంతా తోడేసినట్టు ఉంటుంది. పొద్దెక్కే కొద్దీ ముదురుతుంది, వేడికి రెట్టింపవుతుంది. రెండోది నిద్రమత్తు. బస్సులో, టీవీ ముందు, అన్నం తిని కూర్చున్నప్పుడు తనకు తెలియకుండానే కునుకు పడుతుంది. మొదటిది జబ్బుదే కావచ్చు. రెండోది ఉంటే మాత్రం రాత్రి నిద్రనో, వాడే మందులనో అనుమానించాలి. ఎప్‌వర్త్ కొలమానం అని ఎనిమిది ప్రశ్నల కాగితం ఒకటుంది. ఒక్కో సందర్భంలో కునుకు పట్టే అవకాశానికి 0 నుంచి 3 దాకా మార్కులు, మొత్తం 24. పది దాటితే డాక్టరుకు చూపించాలి. ఐదు నిమిషాల పని. ఇది చేయకుండా ‘నీరసానికి’ టానిక్కు రాయించుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు.

‘ఒళ్లు అలవనివ్వకూడదు’ అన్నది ఇంట్లోవాళ్లు కనిపెట్టిన మాట కాదు, వాళ్లను తప్పుపట్టలేం. దశాబ్దాల పాటు వైద్యులే అలా చెప్పారు. 1890లో విల్‌హెల్మ్ ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటివైద్యుడు, శ్రమపడ్డాక కొందరు రోగులకు చూపు తగ్గి, కాసేపటికి తిరిగి రావడం చూసి రాసిపెట్టాడు. శ్రమే కారణమనుకున్నాడు. అసలు కారణం శ్రమ వల్ల పుట్టే వేడి అని తర్వాత తేలింది. పొర పోయిన నరంలో సంకేతం అంతంతమాత్రంగా నడుస్తుంటుంది. వేడి కాస్త పెరిగితే ఆగుతుంది, ఒళ్లు చల్లబడితే మళ్లీ నడుస్తుంది. నరానికి కొత్త దెబ్బేమీ తగలదు. 1996లో అమెరికాలో యూటా విశ్వవిద్యాలయం వాళ్లు 54 మంది ఎం.ఎస్. రోగులను రెండు జట్లు చేశారు. ఒక జట్టు చేత 15 వారాల పాటు, వారానికి మూడుసార్లు, 40 నిమిషాల చొప్పున చేతులతో కాళ్లతో తొక్కే సైకిలు మీద వ్యాయామం చేయించారు. జబ్బు ముదరలేదు. దమ్ము పెరిగింది, చేతుల్లో కాళ్లలో బలం పెరిగింది, మనసు తేలికపడింది. అంటే వేడిని అదుపులో పెట్టుకోవాలి గానీ కదలికను కాదు. ఇంతమాత్రం మన ఇళ్లకు చేరడానికి ఇంకా ఎన్నేళ్లు పడుతుందో!

రాత్రితో మొదలుపెడదాం. ఎం.ఎస్.లో నిద్ర చెడడానికి కారణం ఒకటి కాదు, అందుకే ‘నిద్రమాత్ర రాయండి’ అనడం అన్నిటికన్నా ఆఖరి మాట కావాలి.

ఎక్కువగా వినపడేది, రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేవడం. దానికి ఇళ్లలో చేసే వైద్యం నీళ్లు మానేయడం. మన ఎండల్లో ఇంతకన్నా చెడ్డ వైద్యం లేదు. మూత్రం చిక్కబడి ఇన్‌ఫెక్షన్ వస్తుంది, మలబద్ధకం వస్తుంది, ఈ రెండూ కాళ్ల బిగుతును ఇంకా పెంచుతాయి. తగ్గించాల్సింది నీళ్లను కాదు, మార్చాల్సింది వేళను. తాగాల్సినదంతా సాయంత్రం ఆరేడు లోపు తాగేసి, పడుకునే ముందు రెండు మూడు గంటలు గొంతు తడుపుకునేంతతో సరిపెట్టుకోవాలి. నాలుగు తర్వాత కాఫీ, టీ వద్దు. ఇంకో సంగతి చాలామందికి తట్టదు: పగలంతా కుర్చీలో కాళ్లు వేలాడేసి కూర్చునేవాళ్లకు మడమల దగ్గర నీరు దిగుతుంది. రాత్రి నడుం వాల్చగానే ఆ నీరు రక్తంలోకి తిరిగొచ్చి మూత్రమవుతుంది. మధ్యాహ్నం ఒక గంట కాళ్ల కింద రెండు దిండ్లు పెట్టి, పాదాలు గుండె కన్నా ఎత్తులో ఉండేట్టు పడుకుంటే ఆ పని పగలే అయిపోతుంది. పోసి వచ్చాక కూడా ఇంకా ఉన్నట్టే అనిపిస్తే అల్ట్రాసౌండ్‌లో మిగులు మూత్రం ఎంతో కొలిపించాలి. మూత్రాశయంలో మూత్రం మిగిలిపోతుండగా దాన్ని ‘ఆపే’ మాత్ర వేసుకుంటే మొదటికే మోసం.

రెండోది కాళ్లు గుంజడం. పడుకోగానే పిక్కల్లో పురుగులు పాకినట్టు ఉంటుంది, కదిపితే తగ్గుతుంది, ఆపితే మళ్లీ మొదలవుతుంది. పగలు కన్నా రాత్రి ఎక్కువ. దీన్ని రెస్ట్‌లెస్ లెగ్స్ అంటారు. 2008లో ఇటలీలో జరిగిన పెద్ద అధ్యయనంలో ఎం.ఎస్. ఉన్నవాళ్లలో నూటికి 19 మందికి, లేనివాళ్లలో నూటికి నలుగురికి ఇది కనపడింది. మన ఇళ్లలో కాళ్లు పిసికి, బామ్ రాసి ఊరుకుంటారు. అడగాల్సిన పరీక్ష సీరమ్ ఫెరిటిన్. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఒంట్లో ఇనుము నిల్వ అడుగంటి ఉండొచ్చు. ఈ బాధ ఉన్నవాళ్లలో ఫెరిటిన్ మిల్లీలీటరుకు 75 నానోగ్రాములు, అంతకు తక్కువ ఉంటే ఐరన్ ఇచ్చి చూడాలని నిపుణుల సూచన. ల్యాబు కాగితం మీద మాత్రం 25 వచ్చినా ‘నార్మల్’ అనే అచ్చయి ఉంటుంది, అందుకే కాగితం చూసి తృప్తిపడొద్దు. ఐరన్ మాత్ర టీతోనో పాలతోనో మింగితే వృథా. నిమ్మకాయ నీళ్లతో వేసుకుని, గంట దాకా టీ ముట్టకపోవడం మేలు. రోజు విడిచి రోజు వేసుకున్నా ఒంటికి బాగానే పడుతుంది, కడుపులో తిప్పడం తగ్గుతుంది. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు ఇంకొకటుంది. నిద్ర పట్టడం లేదని మందుల షాపులో అడిగితే జలుబుకు, దురదకు వాడే మత్తు మాత్ర చేతిలో పెడతారు. ఫెనిరమిన్ లాంటి ఆ మందులు కాళ్ల గుంజుడును పెంచుతాయి. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్ కూడా అంతే. డిప్రెషన్ మందుల్లో కొన్నీ అంతే. మత్తుగా పడుకుని కాళ్లు తన్నుకుంటూ తెల్లవార్లూ గడిపే రాత్రి నిద్ర కింద లెక్క కాదు.

పిక్క పట్టేయడం, మోకాలు దానంతటది ముడుచుకుపోవడం వేరు. దానికి పడుకునే ముందు పది నిమిషాలు సాగదీయడం పనిచేస్తుంది, సరిగ్గా చేస్తే. గోడకు రెండు చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి వేసి, మడమ నేలను వదలకుండా ముందుకు వాలాలి. 30 నుంచి 60 సెకన్లు అలాగే ఉండాలి, ఒక్కో కాలికి మూడుసార్లు. నిలబడలేనివాళ్లు కాళ్లు చాపి కూర్చుని తువ్వాలు పాదం ముందుభాగానికి మెలివేసి తమ వైపు లాక్కోవాలి. ఊపుతూ, గుంజుతూ లాగకూడదు. ఈ కండరం వేగానికి తిరగబడే రకం. మెల్లగా లాగితే లొంగుతుంది, విసురుగా లాగితే ఇంకా బిగుస్తుంది. ఇంట్లోవాళ్లు సాయం చేస్తూ ‘ఇంకాస్త, ఇంకాస్త’ అని బలం చూపించడం ఇక్కడే బెడిసికొడుతుంది. బిగుతు తగ్గించే బాక్లోఫెన్ వాడేవాళ్లు రాత్రి మోతాదు ఏ వేళకు వేసుకుంటే మేలో డాక్టరును అడగాలి. ఆ మందు అయిపోయిందని ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, లేనివి కనపడవచ్చు. పండక్కో పెళ్లికో ఊరెళ్లేటప్పుడు వారానికి సరిపడా ఎక్కువే సంచిలో వేసుకోవాలి. ఉన్నట్టుండి బిగుతు పెరిగితే మందు పెంచే ముందు మూత్రం ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, ఒంటి మీద పుండు, ఆఖరికి కాలిగోరు లోపలికి పెరగడం కూడా చూసుకోవాలి. స్పర్శ తెలియని కాలు నొప్పిని నొప్పిగా చెప్పదు, బిగుసుకుని చెబుతుంది.

గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవాళ్లకు నిద్ర పరీక్ష చేయించాలి. అలాంటివాళ్లకు నిద్రమాత్రలు, మద్యం ప్రమాదం. జబ్బు తిరగబెట్టినప్పుడు మూడు నుంచి ఐదు రోజులు ఎక్కించే మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మందు నిద్రను ఎగరగొడుతుంది కనుక పొద్దుటి పూటే ఎక్కించమని అడగవచ్చు. అలసటకు మొడాఫినిల్ రాసి ఉంటే అదీ పొద్దుటే. మధ్యాహ్నం దాటాక వేసుకుంటే రాత్రి రెండింటి దాకా ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకోవాల్సిందే.

ఇవన్నీ చూసుకున్నా నిద్ర రాకపోతే మాత్రలకన్నా ముందు చేయాల్సింది మంచం అలవాటు మార్చడం. మన ఇళ్లలో జబ్బు మనిషికి హాల్లో మంచం వేసేస్తారు. అన్నం దాని మీదే, టీవీ దాని మీదే, పలకరించడానికి వచ్చిన చుట్టాలూ దాని మీదే. కొన్నాళ్లకు మంచం అంటే నిద్ర అన్న సంగతి ఒళ్లు మరిచిపోతుంది. పగలు వీపుకు ఆనుకునే కుర్చీ, రాత్రికి మంచం, ఈ రెండూ విడివిడిగా ఉండాలి. పొద్దున లేచే వేళ ఆదివారమైనా పండగైనా ఒకటే ఉండాలి. పడుకుని ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి పక్క గదిలో మసక వెలుతురులో కూర్చుని, కళ్లు బరువెక్కాకే తిరిగి రావాలి. తొమ్మిది గంటలు మంచం మీద దొర్లి ఆరు గంటలే నిద్రపోయే మనిషి, మంచం మీదుండే సమయాన్ని ఆరున్నర గంటలకు కుదించుకుని, నిద్ర గట్టిపడ్డాక వారానికి పావుగంట చొప్పున పెంచుకోవాలి. ఐదున్నర గంటలకన్నా తగ్గించకూడదు. ఫిట్స్ ఉన్నవాళ్లు, తరచూ పడిపోయేవాళ్లు ఈ కుదింపు సొంతంగా చేయకూడదు. పగటి కునుకు మూడు లోపు, 20 నుంచి 30 నిమిషాలు, అలారం పెట్టుకుని.

వేసవిలో గది కూడా నిద్రకు శత్రువే. మిద్దె శ్లాబు పగలు తాగిన వేడిని అర్ధరాత్రి దాకా కక్కుతుంది. మిద్దె మీద తెల్ల సున్నం రెండు పూతలు వేయించడం తక్కువ ఖర్చుతో అయ్యే పని, దాని తేడా గదిలో తెలుస్తుంది. పైన ఆరుబయట పడుకుంటే హాయే గానీ, రాత్రి మూడుసార్లు లేచే మనిషి, పిట్టగోడ సరిగా లేని మిద్దె, చీకటి మెట్లు, ఈ మూడూ ఒకచోట చేరకూడదు. కూలర్ విషయంలో అన్ని ఊళ్లదీ ఒకే తీరు కాదు. ఉదయగిరి, కనిగిరి వైపు పొడిగాలిలో కూలర్ బాగా పనిచేస్తుంది. నెల్లూరు టౌను, కావలి, సింగరాయకొండ లాంటి సముద్రానికి దగ్గరి చోట్ల ఉక్కపోత రోజుల్లో తలుపులు మూసి కూలర్ పెడితే గదంతా తేమ నిండి చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. కిటికీ తెరిచే వాడాలి. ఉష్ణోగ్రత 40 దాటిన మధ్యాహ్నం ఒట్టి ఫ్యాను గాలి వేడిగాలే. ఒంటి మీద తడిగుడ్డ ఉంటేనే ఆ గాలికి అర్థం.

ఇప్పుడు పగలు. 2020లో అమెరికా నేషనల్ ఎం.ఎస్. సొసైటీ నిపుణులు చెప్పిన లెక్క వారానికి 150 నిమిషాల కదలిక. అంతకుముందు 2013లో కెనడావాళ్లు ఇంకా తేలిగ్గా చెప్పారు: ఓ మోస్తరు ఇబ్బంది ఉన్నవాళ్లకు వారానికి రెండుసార్లు 30 నిమిషాల చొప్పున దమ్ము పెంచే వ్యాయామం, వారానికి రెండుసార్లు బలం పెంచే వ్యాయామం. మా అభిప్రాయంలో మనవాళ్లు కెనడా లెక్కతో మొదలుపెట్టి అమెరికా లెక్క వైపు నడవడం మంచిది. 150 అన్న అంకె వినగానే చాలామంది ప్రయత్నమే మానేస్తారు.

ముందు రెండు వారాలు ఏమీ మార్చకుండా ఒక నోటు పుస్తకంలో రాయాలి: ఎన్నింటికి లేచారు, పగలు ఎంతసేపు కునికారు, ఫోను జేబులోనో కొంగునో పెట్టుకుని ఎన్ని అడుగులు వేశారు. మంచి రోజు లెక్క కాదు, సగటు చూడాలి. సగటు 1,500 అడుగులైతే వారానికి 150 పెంచితే చాలు. నడకను ముక్కలు చేయడం ఎం.ఎస్.లో అసలు కిటుకు. రెండు నిమిషాలు నడక, రెండు నిమిషాలు కూర్చోవడం, ఇలా ఐదుసార్లు. పది నిమిషాలు ఏకబిగిన నడిస్తే ఏడో నిమిషానికి పాదం ముందుభాగం వాలిపోయి వేళ్లు నేలకు తగలడం మొదలవుతుంది, అక్కడే పడేది. చెప్పు రాసుకుంటున్న చప్పుడు వినపడితే అది కూర్చోమన్న కబురు. వేగం ఎంతుండాలంటే, నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అయ్యాక రెండు గంటలకూ తేరుకోకపోతే, లేదా మర్నాటికి కూడా ఒళ్లు బరువుగా ఉంటే మోతాదు ఎక్కువైనట్టు. మూడో వంతు తగ్గించి మళ్లీ మొదలుపెట్టాలి, మానేయకూడదు.

బలానికి జిమ్ము అక్కర్లేదు. గోడకు ఆనించిన, చక్రాల్లేని, 18 అంగుళాల ఎత్తు కుర్చీలోంచి చేతులు వాడకుండా లేచి కూర్చోవడం, ఎనిమిది నుంచి పది సార్లు. రెండు మూడు నిమిషాలు ఆగి మళ్లీ అన్నే. కూర్చునేటప్పుడు దబ్బున పడిపోకుండా మూడు అంకెలు లెక్కపెడుతూ దిగాలి, బలం వచ్చేది ఆ దిగడంలోనే. వంటగట్టు పట్టుకుని మడమలెత్తడం పదిసార్లు. అక్కడే గట్టుకు వేళ్లు ఆనించి ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి 20 సెకన్లు నిలబడడం. కళ్లు మూసుకుని మాత్రం వద్దు, కాలి స్పర్శ తగ్గినవాళ్లకు నిలకడ సగం కళ్లలోనే ఉంటుంది. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు అర లీటరు నీళ్ల సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని ముందుకు, పైకి ఎత్తవచ్చు. కుదిరాక లీటరు సీసా. వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజు ఖాళీ.

వేళ దగ్గర మనకు ప్రకృతే సాయం. ఒంటి లోపలి ఉష్ణోగ్రత తెల్లవారుజామున అన్నిటికన్నా తక్కువ, సాయంత్రానికి ఎక్కువ. ఐదున్నర, ఏడు మధ్య నడిస్తే ఎండా ఉండదు, లోపలి వేడీ తక్కువే. సాయంత్రం తారురోడ్డు ఏడింటికి కూడా సెగలు కక్కుతుంది. పైగా పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే వ్యాయామం అయిపోకపోతే వేడెక్కిన ఒంటికి నిద్ర పట్టడం ఆలస్యమవుతుంది. బయటికి వెళ్లలేని రోజున వరండాలో ఫ్యాను కింద పది అడుగులు అటు, పది అడుగులు ఇటు నడిచినా నడకే. మొదలుపెట్టే ముందు పావుగంట బకెట్ నీళ్లలో పాదాలు పెట్టుకుని, మెడ చుట్టూ తడి తువ్వాలు వేసుకుని, కుండనీళ్లో ఫ్రిజ్ నీళ్లో ఒక గ్లాసు తాగితే ఒళ్లు వేడెక్కడానికి ఎక్కువసేపు పడుతుంది. ఐసు గడ్డ నేరుగా ఒంటికి పెట్టకూడదు, స్పర్శ లేనిచోట చర్మం కమిలినా తెలియదు. కొందరికి మరీ చల్లటి నీళ్లు తగిలితే బిగుతు పెరుగుతుంది, వాళ్లకు మామూలు కుళాయి నీళ్లే మేలు. ఇక ఆదివారం తలంటు. మరిగే నీళ్లతో తలంటి పోసుకుంటే స్నానాలగదిలోనే కళ్లు మసకలు కమ్మి కాళ్లు కూలబడతాయి. కుంకుడుకాయ ఉండనీయండి, వేన్నీళ్లు మానండి, పీట బదులు ఎత్తు స్టూలు వేయండి, చేతికి అందేట్టు గోడకు ఒక కడ్డీ బిగించండి.

హవాయి చెప్పులు ఎం.ఎస్. కాలికి పనికిరావు. వాటిని నిలుపుకోవడానికే వేళ్లు ముడుచుకోవాలి, వాలిపోయే పాదంతో అది కుదరదు. వెనక పట్టీ ఉన్నవి వేసుకోవాలి. పాదం బాగా వాలుతుంటే పిక్కకు తొడిగే ప్లాస్టిక్ పట్టీ గురించి అడగాలి. పడిపోవడంలో గడపలకు, మడతపడ్డ చాపలకు, తడి పెరడుకు కూడా కాస్త బాధ్యత ఉంది. ఇంకో చిన్న మాట: కత్తిపీట ముందో, చేలో కలుపు తీస్తూనో గంటల తరబడి గొంతుకూర్చున్నా, బాసింపట్టు వేసుకున్నా మోకాలి పక్కన ఎముకను చుట్టుకుని పోయే నరం నొక్కుకుని పాదం వాలిపోతుంది. అది ఎం.ఎస్. ముదరడం కాదు, కూర్చునే తీరు మారిస్తే చాలావరకు తగ్గేదే. ఎం.ఎస్. ఉన్న మనిషికి వచ్చే ప్రతి కొత్త బాధా ఎం.ఎస్.దే కానక్కర్లేదు.

అన్నిటికన్నా తరచుగా పని చెడేది చెడ్డ రోజున కాదు, మంచి రోజున. వారంలో ఒకరోజు ఒళ్లు తేలిగ్గా ఉంటుంది. ఆ రోజే దుప్పట్లు ఉతికి, బూజు దులిపి, గుడికి వెళ్లి, చుట్టాలకు వండిపెడతారు. తర్వాత మూడు రోజులు మంచం దిగరు, ఆ మూడు రాత్రులూ నిద్ర ఉండదు. ఇంట్లోవాళ్లు అప్పుడు ‘చెప్పామా, పని చేయొద్దని’ అంటారు. తప్పు పని చేయడంలో లేదు, వారం పని ఒక్కరోజులో చేయడంలో ఉంది. మంచి రోజున కూడా రాసుకున్న మోతాదుకే కట్టుబడాలి. ఇది చెప్పినంత తేలిక కాదని తెలుసు, ముఖ్యంగా ఇంటి పని ఎదురుచూస్తూ ఉండే ఆడవాళ్లకు.

భయపడాల్సింది ఎప్పుడంటే: వేడి వల్ల, శ్రమ వల్ల వచ్చిన మసక, తూలు, తిమ్మిరి ఒళ్లు చల్లబడ్డాక తగ్గిపోతాయి. జ్వరం, ఇన్‌ఫెక్షన్ లేకుండా కొత్త లక్షణం 24 గంటలు దాటి నిలిస్తే అది జబ్బు తిరగబెట్టడం కావచ్చు, న్యూరాలజిస్టును కలవాలి. జ్వరం ఉంటే ముందు జ్వరం తగ్గించి, మూత్రం పరీక్ష చేయించాలి.

ఇక అధికారులకు మూడు మాటలు. మున్సిపల్ పార్కులు, కాలేజీ మైదానాలు వేసవిలో పొద్దున ఐదింటికే తెరిపించి, నడకదారి పొడవునా వంద మీటర్లకొక బెంచీ వేయించాలి, మరుగుదొడ్డి తాళం తీయించాలి. బెంచీలేని నడకదారి ఎం.ఎస్. మనిషికి దారే కాదు. మరమ్మతుల కోసం కరెంటు తీసే వేళలను ముందురోజే ఫోన్లకు పంపితే, ఒంటిని చల్లగా ఉంచుకోవాల్సినవాళ్లు ఆ పూటకు ఏర్పాటు చేసుకుంటారు. మూడోది వైకల్య ధ్రువపత్రం కోసం పరీక్ష చేసే సదరం శిబిరాల సంగతి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు స్పష్టంగా ఉంది. ఈ జబ్బు ఉన్నవాళ్లకు పొద్దుటి టోకెన్లు ఇవ్వాలి. పరీక్ష చేసేటప్పుడు కుర్చీలోంచి లేపి నాలుగడుగులు వేయించి ‘బాగానే నడుస్తున్నారు’ అని రాసేయకుండా, తోడుగా ఒకరిని ఉంచి ఆరు నిమిషాలు నడిపించి, ఒక్కో నిమిషానికి ఎంత దూరం వెళ్లారో రాయాలి. మొదటి నిమిషానికీ ఆరో నిమిషానికీ ఉన్న తేడాలోనే వాళ్ల జబ్బు ఉంటుంది.

ఇట్లు,
కొందరు ఫిజియోథెరపిస్టులు, నర్సులు
నెల్లూరు, ఒంగోలు